మా పాప కాగితాలను ఒక్కసారైనా చదవండి

వినియోగదారుల సేవా విభాగాధికారి గారికి,

హనుమకొండ నుండి మీ పాలసీదారు వ్రాయునది.

9 ఏళ్లుగా మీ ఆరోగ్య బీమా ప్రీమియం ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకుండా కడుతున్నాను. పాప పుట్టిన ఏడాదే ఆమె పేరు కూడా చేర్పించాను. ఇన్నేళ్లలో ఒక్క రూపాయి అడగని నన్ను, మొదటిసారి అడిగినందుకు 3 నెలలుగా తిప్పుతున్నారు.

పాపకు 4 ఏళ్లు. మూత్రాశయం నుండి మూత్రం కుడి కిడ్నీలోకి ఎదురెక్కుతోందని, అది తీవ్రమైన గ్రేడ్ 4 రిఫ్లక్స్ అని డాక్టర్ తేల్చారు. మీ కాల్ సెంటర్‌లో మొదట మాట్లాడినతను, యూరిన్ ఇన్ఫెక్షన్‌కు మందులు సరిపోవా, అడ్మిషన్ ఎందుకని అడిగాడు. చిన్న గ్రేడులు ఎదిగే కొద్దీ వాటంతటవే తగ్గవచ్చునని, మా పాపకు మాత్రం 7 నెలలు రోజూ రాత్రి యాంటీబయాటిక్ వేసినా చలిజ్వరం రెండుసార్లు తిరగబెట్టిందని, డీఎంఎస్ఏ స్కాన్‌లో కిడ్నీ మీద మచ్చ కనబడడంతో మూత్రనాళం మూత్రాశయంలో కలిసేచోట జెల్ ఇంజెక్షన్ చేయాలన్నారని ఓపికగా చెప్పాను. రాసుకున్నానన్నాడు. మూడో రోజు మాట్లాడిన ఆమెకు నేనెవరో కూడా తెలియదు. మళ్లీ మొదటి నుండి చెప్పాను. ఆ తర్వాతి అతను హిందీలో తప్ప మాట్లాడనన్నాడు. వారానికి మీ నుండి వచ్చిన ఉత్తరంలో కడుపు ఎండోస్కోపీ రిపోర్టు పంపమని ఉంది! రిఫ్లక్స్ అన్న మాట చూసి, పసిపిల్ల కిడ్నీ జబ్బును కడుపులో ఆమ్లం ఎదురెక్కే అసిడిటీ కింద రాసుకున్నారు. నేను పంపిన 32 పేజీల్లో ఒక్కటి చదివినా ఆ పొరపాటు జరిగేది కాదు.

క్యాష్‌లెస్‌కు మీ జవాబు రాకపోవడంతో నా భార్య పుస్తెలతాడు కుదువబెట్టి ఇంజెక్షన్ చేయించాము. ఆ బిల్లులతో మీ స్థానిక ఆఫీసుకు చెప్పులరిగేలా తిరిగాను. అక్కడి గుమాస్తా ఎంసీయూజీ ఫిల్ము కవరు మీద చాయ్ గ్లాసు పెట్టి, ఫైలు హెడ్డాఫీసులో ఉందన్నాడు. ఆ ఫిల్ము కోసం మూత్రం దారిలో సన్నని గొట్టం వేసి, మూత్రాశయం నిండా మందు ఎక్కించి, అది పోస్తుండగా ఎక్స్‌రేలు తీశారు. ఆ నొప్పికి పాప పట్టుకున్న వాళ్లమ్మ గాజు చిట్లి అరచేతిలో గుచ్చుకుంది. కవరు మీద గ్లాసు అడుగు మరక గుండ్రంగా ఇప్పటికీ ఉంది.

మచ్చపడిన కిడ్నీ మళ్లీ మునుపటిలా కాదు. మీరు ఆలస్యం చేసిన ప్రతి వారం మరో జ్వరం వస్తుందేమోనని మేము రాత్రులు పాప నొసలు తాకి చూస్తూ గడిపాము.

ఆ కాగితాలు స్వయంగా చదివిన అధికారి ఒకరు నాతో తెలుగులో మాట్లాడాలి, మా డబ్బు మాకు చెల్లించాలి. ఈ ఉత్తరం అందిన 30 రోజుల్లో జవాబు రాకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కూ, ఆపై వినియోగదారుల కమిషన్‌కూ వెళ్తాను. ఆ గ్లాసు మరక ఉన్న కవరును అక్కడ కూడా చూపిస్తాను. వచ్చే నెల పాపకు మళ్లీ ఎంసీయూజీ చేయాల్సి ఉంది.

ఇట్లు,
మీ పాలసీదారు,
హనుమకొండ