అదృష్ట సంఖ్యల కింద పిన్‌కోడ్‌కూ కాస్త చోటివ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం పేజీలో అదృష్ట సంఖ్యల శీర్షిక వేస్తున్నారు. దాన్ని తీసేయమని అడగను, ఇష్టంగా చదివేవాళ్లున్నారు. దాని కిందే లెక్కల్లోని సంఖ్యలకూ కాస్త చోటివ్వమని అడుగుతున్నాను.

కావలిలో సాయంత్రం పూట పదో తరగతి పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబుతాను. పరీక్షల ముందు ఒకబ్బాయి హాల్‌టికెట్ నంబరులోని అంకెలన్నీ కూడి, ఎనిమిది వచ్చిందని టెన్షన్ పడ్డాడు. అది శని నంబరని ఇంట్లో వాళ్లమ్మ కూడా భయపడిందట. పరీక్షకు వెళ్లే పిల్లవాడికి ఆ భయం ఎందుకు పెట్టాలండీ? అంకెలు కూడుకుంటూ పోతే చివరికి ఎనిమిది వచ్చిందంటే, ఆ నంబరును తొమ్మిదితో భాగిస్తే శేషం ఎనిమిది అని అర్థం. అంతే. అలాంటి సంఖ్యలకు లెక్కే లేదు. ఒక్కో సంఖ్యకూ ఉండే సొంత గుణం ఈ కూడికలో కనపడదు.

అది చూపిద్దామని మా కావలి పిన్‌కోడ్ 524201 బోర్డు మీద రాసి, ఇది ప్రధాన సంఖ్యేమో, అంటే ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ శేషం లేకుండా పోనిదేమో చూడమన్నాను. బేసి సంఖ్య. చివర 5 గానీ 0 గానీ లేదు. అంకెల మొత్తం 14, కాబట్టి మూడో ఎక్కంలో పోదు. ఏడుతో భాగిస్తే 6 మిగిలింది. ఎందాకా చూడాలి? 724 వర్గం 524176, 725 వర్గం మన సంఖ్యను దాటిపోతుంది. సంఖ్య రెండు ముక్కల గుణకారంగా విడిపోతే చిన్న ముక్క 724 దాటదు, అంటే 724 లోపున్న ప్రధాన సంఖ్యలతో చూస్తే చాలు. అవి 128. పిల్లలు వాటిని పంచుకుని కూర్చున్నారు. 349 దగ్గర 3 మిగిలేసరికి, కొద్దిలో తప్పిందని అందరూ అరిచారు. ఆఖరిది 719, శేషం 50. ఏ ఎక్కంలోనూ పోలేదు. కావలి పిన్‌కోడ్ ప్రధాన సంఖ్య!

ఇక ఆగలేదు వాళ్లు. నెల్లూరు 524001 అంకెల మొత్తం 12, మూడుతో పోయింది. విడగొడితే 3 × 19 × 29 × 317. దాన్ని శేషం లేకుండా భాగించే సంఖ్యలు, అంటే కారణాంకాలు, 1తోనూ ఆ సంఖ్యతోనూ కలిపి మొత్తం 16. ఒంగోలులో అమ్మమ్మ గారిల్లున్న పిల్ల 523001 తీసుకుంది. 29 దాకా దేనితోనూ పోకపోయేసరికి ఇదీ ప్రధాన సంఖ్యే అనేసింది. 31తో పోయింది! భాగఫలం 16871 మాత్రం ప్రధాన సంఖ్యే.

1972 ఆగస్టు 15న పిన్‌కోడ్లు వచ్చినప్పటి నుంచీ ఉత్తరాల మీద రాస్తూనే ఉన్నాం. ఏ ఊరి పిల్లలకైనా అది తమ సొంత సంఖ్య. పాఠ్యపుస్తకంలో కారణాంకాల లెక్కలకు ఇచ్చే 36, 48 మీద రాని ఉత్సాహం దాని మీద వస్తుంది, నేను చూశాను. కాబట్టి వారానికి ఒక ఊరి పిన్‌కోడ్ వేసి, అది ప్రధాన సంఖ్యో, చిన్న సంఖ్యల గుణకారంగా విడిపోయే సంయుక్త సంఖ్యో, కారణాంకాలేమిటో పిల్లల్నే అడగండి. జవాబు పై వారం వేయండి.

మొదట మార్కాపురం వేయవచ్చు, 523316. చివరి రెండంకెలు 16 కాబట్టి నాలుగుతో పోతుంది, 130829 వస్తుంది. అక్కణ్ణుంచి పిల్లలే చూసుకుంటారు.

ఇట్లు
ఒక ట్యూషన్ టీచరు, కావలి