వాయిద్యం సంగతి గేటు దగ్గర తేల్చకండి

సంపాదకుడికి,

అయ్యా,

"ఆ పెట్టె ఇక్కడ పెట్టేయండి మేడం, కింద లగేజీలో వేస్తాం."

విమానం ఎక్కబోతుంటే గేటు దగ్గర ఈ మాట విని నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. నా చేతిలో ఉన్నది వయొలిన్. టికెట్ కొనేటప్పుడు ఫోన్ చేసి అడిగితే తీసుకెళ్లొచ్చన్నారు. చెకిన్ కౌంటర్లో చూపిస్తే ఏమీ అనలేదు. సెక్యూరిటీ వాళ్లు మూత తీయించి, చూసి పంపేశారు. మూడు చోట్ల సరేనన్నది నాలుగో చోట కుదరదన్నారు. ఎందుకంటే "పొడవు ఎక్కువుంది" అని జవాబు. వెనక క్యూలో వాళ్లు విసుక్కుంటున్నారు. అక్కడే నేల మీద కూర్చుని, కప్పుకున్న శాలువా తీసి వయొలిన్ చుట్టూ కుక్కి, ట్యాగు కట్టించుకుని ఎక్కాను. ఆ ప్రయాణమంతా నాకు కునుకు లేదు.

దిగి పెట్టె తెరిస్తే, తీగలను ఎత్తి పట్టే బ్రిడ్జి పడిపోయి ఉంది. పక్క అతుకు బెత్తెడు మేర విచ్చుకుంది. చేతిలోకి తీసుకుంటే లోపల ఏదో గిలక్కాయలా కదిలింది. అది సౌండ్ పోస్ట్. పై పలకకీ కింది పలకకీ మధ్య నిలబెట్టే చిన్న కర్రముక్క, చిటికెన వేలంత లావు కూడా ఉండదు. దానికి జిగురు పెట్టరు, కేవలం తీగల ఒత్తిడితో నిలబడుతుంది. అది ఒక పిసరు జరిగినా వయొలిన్ గొంతు మారిపోతుంది. "విమానంలో వేసేటప్పుడు తీగలన్నీ విప్పేయాల్సింది కదా" అని తర్వాత నాకు సలహా ఇచ్చినవాళ్లు చాలామంది. పూర్తిగా విప్పితే ఆ కర్రముక్క పడిపోవడానికి మనమే దారి చూపినట్టు. వయొలిన్‌కు ఒకటి రెండు స్వరాలు దించితే చాలు. గిటార్ లెక్క వేరు. ఇనుప తీగల గిటార్‌లో తీగలన్నీ కలిపి మెడ మీద 70 కిలోలకు పైగా లాగుతుంటాయి. పెట్టె దబ్బుమని పడితే తల మొదట్లో విరుగుతుంది. అందుకే దానికి తీగలు బాగా వదులు చేసి, తల కిందా పక్కలా ఖాళీ లేకుండా గుడ్డలు కుక్కాలి.

ఈ జాగ్రత్తలు వాద్యకారులకు తెలియనివి కావు. అసలు చిక్కు రూలులో ఉంది. చేతి సామాను పొడవు 55, 56 సెంటీమీటర్లు దాటకూడదని చాలా సంస్థల నియమం. పూర్తి సైజు వయొలినే దాదాపు 60 సెంటీమీటర్లు ఉంటుంది. మామూలు పెట్టెలో పెడితే 80 దాకా వస్తుంది. అంటే రూలు ప్రకారం చూస్తే పిల్లల వయొలిన్లు తప్ప ఏవీ విమానంలోకి రాకూడదు. అయినా రోజూ వస్తూనే ఉన్నాయి, ఎవరో ఒకరు చూసీ చూడనట్టు వదిలేస్తున్నారు కాబట్టి. ఆ సన్నటి పెట్టె పై అరలో పట్టే చోటు చక్రాల సూట్‌కేసు కంటే తక్కువ. కానీ టేపు పెట్టి కొలిస్తే తప్పు మాదే అవుతుంది. ఆ పూట గేటు దగ్గర ఉన్న మనిషి మంచివాడైతే నా వయొలిన్ బతుకుతుంది, లేకపోతే లేదు.

దీనికి పరిష్కారం కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. అమెరికాలో 2012లో చట్టం చేశారు, దాని కింద నిబంధనలు 2015 మార్చి నుంచి అమల్లోకి వచ్చాయి. వయొలిన్, గిటార్ లాంటివి పై అరలోనో సీటు కిందో పట్టే చోటు ఎక్కే సమయానికి ఉంటే అనుమతించి తీరాలి. ఒకసారి లోపల పెట్టాక, తర్వాత వచ్చినవాళ్ల సామాను కోసం దాన్ని తీయమనకూడదు. చెల్లో లాంటి పెద్దవాటికి ఇంకో సీటు కొనుక్కోవచ్చు, 165 పౌండ్లు, అంటే సుమారు 75 కిలోల దాకా. కెనడా 2019లో తెచ్చిన ప్రయాణికుల హక్కుల నిబంధనల్లో, చివరి నిమిషంలో విమానం మార్చి చిన్నది పెడితే వాయిద్యం సంగతేమిటో కూడా సంస్థలు ముందే చెప్పాలని రాశారు. నాకు బాగా నచ్చింది ఇదే. ఎందుకంటే మా గొడవలు చాలావరకు ఆ చిన్న విమానాల దగ్గరే మొదలవుతాయి.

నష్టపరిహారం మాటకొస్తే, అంతర్జాతీయ ప్రయాణాలకు 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ఉంది. సామాను దెబ్బతింటే అందిన 7 రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పరిహారం పరిమితి ఒక ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్‌లు, అంటే అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్కగట్టే యూనిట్లు. 2024 డిసెంబర్ 28 నుంచి ఇదే పరిమితి. మీ బట్టలూ వాయిద్యమూ అన్నీ కలిపి అంతే. సామాను అప్పగించేటప్పుడే విలువ ప్రకటించి, అడిగితే అదనపు రుసుము కడితే పరిమితి పెరుగుతుంది. ఈ సంగతి కౌంటర్లో ఎవరైనా తమంతట తాము చెప్పగా నేను వినలేదు. నా ఫిర్యాదుకు వచ్చిన జవాబు "ప్యాకింగ్ సరిగా లేదు" అని. కరెక్టే, శాలువాతో చేసిన ప్యాకింగ్. నాకిచ్చిన టైము రెండు నిమిషాలు మరి!

మా వైపు తప్పుల్లేవని కాదు. పల్చటి గుడ్డ సంచీలో గిటార్ తగిలించుకుని, అందరూ ఎక్కాక ఆఖర్న వచ్చి, అరలో చోటు లేదంటే తగాదా పెట్టుకునేవాళ్లను చూశాను. ఓబో అనే ఊదే వాయిద్యం వాయించే ఒకాయన, దాని మూతి దగ్గర పెట్టే రీడు అనే పల్చటి పుల్లను చెక్కే కత్తిని చేతి సంచీలో మర్చిపోయి, సెక్యూరిటీ దగ్గర దాన్ని వదులుకుని లబోదిబోమన్నారు. గట్టి పెట్టె, బయల్దేరే ముందు నాలుగు ఫోటోలు, ముందుగా ఎక్కడం, ఇవి మా బాధ్యత. దిగగానే ఆత్రంగా మూత తీయకుండా, కొన్ని గంటలు ఆగి కర్రను బయటి వాతావరణానికి అలవాటు పడనివ్వడం కూడా. విమానంలో గాలి ఎంత పొడిగా ఉంటుందో మన పెదాలే చెబుతాయి, కర్రకు కూడా అంతే.

మొరపెట్టుకుంటే నిబంధనలు మారవనీ కాదు. 2017లో రోజ్‌వుడ్ జాతి చెట్లన్నిటినీ అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వాణిజ్య ఒప్పందం కిందికి తెచ్చినప్పుడు, ఆ కర్ర ఉన్న గిటార్లూ క్లారినెట్లూ సరిహద్దుల దగ్గర చిక్కుల్లో పడ్డాయి. వాద్యకారులూ తయారీదారులూ గట్టిగా అడిగాక, తయారై పూర్తయిన వాయిద్యాలకు 2019 నవంబర్ నుంచి మినహాయింపు ఇచ్చారు. బ్రెజిల్ రోజ్‌వుడ్‌కు మాత్రం కట్టుబాట్లు అలాగే ఉన్నాయి, ఉండాల్సిందే. దేశాలన్నీ కూర్చుని అడవులకు సంబంధించిన రూలునే సవరించుకోగలిగినప్పుడు, పై అర రూలు సవరించడం ఎంత పని?

విమానయాన నియంత్రణ సంస్థలను నేను కోరేది ఒక్కటే. వాయిద్యాన్ని లోపలికి అనుమతిస్తారో లేదో టికెట్ కొనేటప్పుడే తేల్చి, ఆ మాట టికెట్ మీద అచ్చు వేయించండి. కాదంటే కాదనే వేయండి. ఇంకో సీటు కొనుక్కుంటాం, లేదా ఇంకో దారి చూసుకుంటాం.

వచ్చే నెల నాకు మళ్లీ ప్రయాణం ఉంది. నిన్న ఫోన్ చేసి అడిగాను. "తీసుకెళ్లొచ్చు మేడం" అన్నారు. అదే మాట మెయిల్‌లో రాసి పంపమన్నాను. కాసేపు ఆగి, "అలా రాసివ్వలేం మేడం, అది గేటు దగ్గరున్న స్టాఫ్ ఇష్టం" అన్నారు.

ఇట్లు,
ఒక వయొలిన్ టీచర్