మన పేరుతో వెళ్లే మెయిల్‌కు తాళం మనమే వేయాలి

సంపాదకులకు,

చీమకుర్తి గ్రానైట్ అయినా, నెల్లూరు రొయ్య అయినా ఎగుమతి బేరమంతా ఈమెయిల్ మీదే. ఇన్వాయిస్ వెళ్లిన రెండో రోజు 'మా బ్యాంకు ఖాతా మారింది, ఇందులో వేయండి' అని అదే కంపెనీ పేరుతో కొనుగోలుదారుకు ఇంకో మెయిల్ పోతుంది. డబ్బు దొంగ ఖాతాలో పడుతుంది, తగాదా మాత్రం మనకూ వాళ్లకూ మిగులుతుంది.

ఇందుకు పాస్‌వర్డ్ దొంగిలించక్కర్లేదు. ఉత్తరం కవరు మీద పంపినవారి పేరు ఎవరిదైనా రాయొచ్చు కదా, 1982లో వచ్చిన, మెయిళ్లు పంపడానికి వాడే ఎస్‌ఎంటీపీ పద్ధతిలో 'ఫ్రమ్' కూడా అంతే.

అనుమానం వస్తే కంప్యూటర్లో జీమెయిల్ తెరిచి, ఆ మెయిల్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి 'షో ఒరిజినల్' చూడండి. ఎస్‌పీఎఫ్ (మన పేరుతో ఏ సర్వర్లు పంపొచ్చో చెప్పే జాబితా), డీకిమ్ (మెయిల్‌కు వేసే డిజిటల్ సంతకం), డీమార్క్ (ఈ రెంటిలో ఒకటైనా 'ఫ్రమ్' పేరుతో సరిపోయిందా, లేకపోతే ఏం చేయాలి అన్న నియమం) ఎదుట పాస్, ఫెయిల్ అని ఉంటుంది. డీమార్క్ ఫెయిలైతే ఆ మెయిల్‌ను నమ్మి పైసా కదల్చకూడదు. పాసైనా నిశ్చింత లేదు. 'ఎమ్' అక్షరం బదులు 'ఆర్', 'ఎన్' పక్కపక్కన పెట్టి కొన్న డొమైన్ (మెయిల్ చిరునామాలో @ తర్వాతి పేరు) దర్జాగా పాసవుతుంది. 'రిప్లై టు'లో (జవాబు వెళ్లే చోట) వేరే చిరునామా ఉందేమో కూడా చూసుకోవాలి. ఖాతా మార్పు మాటొస్తే పాత ఫైల్లోని నంబరుకే ఫోన్ చేయాలి, మెయిల్లో ఇచ్చినదానికి కాదు.

అసలు లోపం మన డొమైన్ల దగ్గరుంది. ఎస్‌పీఎఫ్ రికార్డు డొమైన్‌కు ఒక్కటే ఉండాలి. కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టినప్పుడల్లా ఇంకోటి చేరిస్తే రెండూ చెల్లవు. ఉన్నదాంట్లోనే కలపాలి, అదీ ఆ రికార్డును సరిచూడటానికి డీఎన్ఎస్‌లో (డొమైన్ల చిరునామా పుస్తకంలో) చేయాల్సిన వెతుకులాటలు 10 దాటకుండా. డీమార్క్‌ను చాలామంది 'నన్' (none, అంటే ఏ చర్యా వద్దు) దగ్గరే వదిలేస్తారు. అది నివేదికలు తెప్పిస్తుందే గానీ దొంగ మెయిల్‌ను ఆపదు. పెద్ద సంఖ్యలో మెయిళ్లు పంపేవారికి (గూగుల్ లెక్కలో రోజుకు 5000 దరిదాపు, ఆపైన) గూగుల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి డీమార్క్ తప్పనిసరి చేసినా 'నన్' ఉంటే చాలన్నాయి, దాంతో పని అయిపోయిందనుకుంటున్నారు. నాలుగు వారాలు నివేదికలు చదివి, మన మెయిల్ ఎక్కడెక్కడి నుంచి పోతోందో తేల్చుకుని, 'క్వారంటైన్'కు (స్పామ్‌లో పడేయడం), ఆపైన 'రిజెక్ట్'కు (తిప్పికొట్టడం) మారాలి. ఒకేసారి 'రిజెక్ట్' పెడితే మన ఇన్వాయిస్‌లే వెనక్కి రావచ్చు.

డబ్బు పోతే ముందు బ్యాంకుకు, వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి. మెయిల్‌ను ఫార్వర్డ్ చేస్తే అసలు హెడర్లు (మెయిల్ ఎక్కడి నుంచి ఎలా వచ్చిందో చెప్పే వివరాలు) పోతాయి. స్క్రీన్‌షాట్ కూడా చాలదు. 'షో ఒరిజినల్' పేజీలోనే ఉన్న 'డౌన్‌లోడ్ ఒరిజినల్' నొక్కి ఆ ఫైలే పోలీసులకు ఇవ్వాలి.

- మెయిల్ సర్వర్ నిర్వాహకులు, ఒంగోలు