బిల్లు ఎందుకు పెరిగిందో వెతికి చెప్పే బాధ్యత ఎవరిది?

సంపాదకుల వారికి నమస్కారం.

ఎండాకాలం ముగిసే వేళకు చెన్నైలో ఇంటింటా వినిపించే మాట, "ఈసారి ఈబీ (విద్యుత్ బోర్డు) బిల్లు ఇంత ఎలా వచ్చింది?" ఎవరిని అడిగినా జవాబు సిద్ధంగా ఉంటుంది: "ఏసీ వాడుంటారు, గీజర్ ఆపడం మర్చిపోయుంటారు." ఏసీ, గీజర్ రెండూ లేని ఇళ్ళకు కూడా ఇదే జవాబు వస్తోంది. తప్పంతా వాడుకున్నవాళ్ళదే అన్నట్టు మాట్లాడటం ఆపి, కారణం వెతికే పద్ధతి ఒకటి ఉండాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా తేదీల సంగతి. తమిళనాడులో ఇళ్ళకు రెండు నెలలకోసారి రీడింగు తీస్తారు. 2022 సెప్టెంబరులో అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం మొదటి 100 యూనిట్లు ఉచితం. కానీ వాడకం 500 దాటిందంటే పైన వాడిన వాటికే కాదు, 101 నుంచి 200 దాకా ఉన్న తక్కువ రేటు కూడా పోతుంది. ఆ రేట్లతోనే లెక్క వేసి చూడండి. రోజుకు 8 యూనిట్లు వాడే ఇంట్లో 60వ రోజున రీడింగు తీస్తే 480 యూనిట్లు, 1,605 రూపాయలు. అదే ఐదు రోజులు ఆలస్యమై 65వ రోజున తీస్తే 520 యూనిట్లు, 2,110 రూపాయలు. అంటే 40 యూనిట్లకు 505 రూపాయలు! తర్వాతి విడతలో రోజులు తగ్గుతాయి కదా, సరిపోతుందిలే అంటారు. ఆ 55 రోజులకు 440 యూనిట్లు, 1,365 రూపాయలు. రెండు విడతలూ కలిపితే 3,475. రెండూ సమయానికి తీసి ఉంటే 3,210. ఆ ఇల్లు ఒక్క యూనిట్ కూడా ఎక్కువ వాడలేదు, అయినా 265 రూపాయలు పోయాయి. ఆ తర్వాత రేట్లు పెరిగాయే గానీ, 500 దగ్గర ఉన్న మెట్టు మాత్రం కదల్లేదు.

నెలనెలా రీడింగు తీయాలన్న డిమాండు పాతదే. 2021 అసెంబ్లీ ఎన్నికల్లో డీఎంకే హామీల్లో కూడా అది చేరింది. దానికి మనుషులు కావాలి, కొత్త మీటర్లు కావాలి అంటారు, ఒప్పుకుంటాను. రోజుల లెక్కన స్లాబు, అంటే రేటు మారే యూనిట్ల హద్దు, జరపడానికి అవేవీ అక్కర్లేదు. 65 రోజులకు బిల్లు వేస్తున్నప్పుడు 500 హద్దు 541 కావాలి. కంప్యూటర్లో ఒక్క లెక్క మారిస్తే అయిపోయే పని ఇది. కనీసం ఎన్ని రోజులకు బిల్లు వేశారో యూనిట్ల పక్కనే పెద్ద అక్షరాలతో చూపించినా జనానికి విషయం అర్థమవుతుంది. ప్రస్తుతానికి మీటర్ కార్డు మీద రాసిన తేదీలు చూసి ఎవరి లెక్క వాళ్ళే వేసుకోవాలి.

ఇక తేదీలు సరిగ్గానే ఉండి కూడా బిల్లు పెరిగిన ఇళ్ళ సంగతి. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పెరంబూరు, అయనావరం, చాకలిపేట లాంటి పాత పేటల్లో ఒకే ఇంటిని నాలుగైదు పోర్షన్లు చేసి అద్దెకిచ్చిన చోట్ల ఈ తంటా ఎక్కువ.

మా వీధిలో కింద పోర్షన్‌లో ఒక పెద్దమ్మ, పెదనాన్న ఉంటారు. రెండు ఫ్యాన్లు, ఒక టీవీ, ఒక ఫ్రిజ్, అంతే. ఉన్నట్టుండి బిల్లు పెరిగింది. ఫ్రిజ్ పాతదైపోయిందని ఓనరు అంటే నమ్మి, పింఛను డబ్బుల్లోంచి వాయిదాలు కట్టేలా కొత్తది కొన్నారు. బిల్లు తగ్గలేదు. చివరికి తెలిసిన ఎలక్ట్రీషియన్ ఒకాయన వచ్చి, వాళ్ళ మీటర్ తర్వాత ఉన్న ఫ్యూజు పీకి పక్కన పెట్టాడు. ఇంట్లో ఫ్యాను ఆగింది, ఫ్రిజ్ ఆగింది. మీటర్లో ఎర్రలైటు మాత్రం ఆగకుండా కొట్టుకుంటూనే ఉంది. ఆయన పైకి చూసి, "మేడమీద ఏసీ కాసేపు ఆపమనండి" అన్నాడు. ఆపగానే లైటు కూడా ఆగింది.

మెట్ల లైటు జంక్షన్ బాక్సు విప్పితే కారణం బయటపడింది. మేడమీదికి ఇన్వర్టర్ బిగించినప్పుడు రెండు పోర్షన్ల న్యూట్రల్ వైర్లను, అంటే కరెంటు తిరిగి వెళ్ళే వైర్లను, అక్కడ కలిపి మెలిపెట్టి, పైన ఇన్సులేషన్ టేపు చుట్టేశారు. ఇప్పటి మీటర్లు ఫేజ్ వైరులో ఇంట్లోకి పోయే కరెంటునూ న్యూట్రల్‌లో తిరిగొచ్చే కరెంటునూ రెండింటినీ చూసి, ఏది ఎక్కువైతే దాన్నే లెక్కలోకి తీసుకుంటాయి. కరెంటు దొంగతనాన్ని పట్టుకోవడానికి పెట్టిన ఏర్పాటు అది, మంచిదే. కానీ న్యూట్రళ్ళు కలిసిపోయిన చోట మేడమీది ఏసీ కరెంటులో కొంత భాగం కింది వాళ్ళ మీటర్ గుండా వెనక్కి వెళ్తుంది. మేడమీది మీటర్ ఎలాగూ మొత్తం రాసుకుంటుంది. ఒకే కరెంటుకు రెండు ఇళ్ళు డబ్బు కడతాయి. మీటర్‌ను ల్యాబుకు పంపి ఉంటే బాగానే ఉందని రిపోర్టు వచ్చేది. నిజంగానే మీటర్ బాగానే ఉంది కదా! ఎవరూ దొంగతనం చేయలేదు, ఎవరూ మోసం చేయలేదు. అయినా ఇద్దరు ముసలివాళ్ళు అక్కర్లేని ఫ్రిజ్‌కు నెలనెలా వాయిదా కడుతున్నారు. నా కోపమంతా అందుకే.

ఎర్త్ లీకేజీ ఇంకో రకం. వాటర్ హీటర్ కాయిల్ గానీ, మోటారు వైండింగ్ గానీ దెబ్బతిని ఒక్క ఆంపియర్ కరెంటు భూమిలోకి పోతూ ఉంటే, 230 వోల్టుల దగ్గర రోజుకు ఐదున్నర యూనిట్లు, రెండు నెలలకు 330 యూనిట్ల పైమాటే. ఇంట్లో ఆర్‌సీసీబీ, అంటే కరెంటు అలా భూమిలోకి పోతే సరఫరాను దానంతటదే ఆపేసే స్విచ్చు, ఉంటే 30 మిల్లీ ఆంపియర్లకే ట్రిప్ అవుతుంది. పాత ఇళ్ళలో అది ఎక్కడుంది? కుళాయి ముట్టుకుంటే జిల్లుమంటోందంటే బిల్లు సంగతి తర్వాత, ముందు ప్రాణం సంగతి చూసుకోవాలి. ఆ మరమ్మతు మీరు చేయకండి, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

అంతా ఆపేసి మీటర్ దగ్గర నిలబడి చూడటం మాత్రం ఎవరైనా చేయొచ్చు. మీటర్ మీద 3200 అని రాసి ఉంటే, ఎర్రలైటు 3200 సార్లు వెలిగితే ఒక యూనిట్ అని అర్థం. సెకనుకోసారి వెలుగుతుంటే గంటకు యూనిట్ పైన అవుతోందన్నమాట. మెయిన్ దించినా వెలుగుతోందంటే ఏదో తేడా ఉంది. వెలగకపోతే ఒక్కో స్విచ్చు వేసుకుంటూ పోతే ఏది ఎక్కువ లాగుతోందో తెలిసిపోతుంది.

నేను అడిగేది ఏమిటంటే, ఈ పది నిమిషాల పరీక్ష బిల్లు మీద ఫిర్యాదు ఇచ్చిన ప్రతి ఇంట్లోనూ ఈబీ సిబ్బందే వచ్చి చేయాలి, కనపడింది రాసి ఇవ్వాలి. వైరింగు మనదే కాబట్టి మరమ్మతు ఖర్చు మనమే పెట్టుకుంటాం, అందులో పేచీ లేదు. తప్పు ఎక్కడుందో చెబితే చాలు.

మీటర్ మీదే అనుమానం ఉన్నవాళ్ళకు చట్టం ఇప్పటికే ఒక దారి చూపించింది. కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించింది. వాడకానికీ రీడింగుకూ పొంతన లేదని ఫిర్యాదు ఇస్తే, ఐదు రోజుల్లోగా ఇంకో మీటర్ అదనంగా బిగించి, కనీసం మూడు నెలల పాటు రెండింటినీ పోల్చి చూడాలి. ఈ సంగతి మా వీధిలో ఎవరికీ తెలియదు. ఈబీ ఆఫీసులో నోటిమాటగా చెప్పి వచ్చేస్తున్నారు తప్ప, కాగితం మీద రాసిచ్చి నంబరు తీసుకోవాలని కూడా చాలామందికి తెలియదు. అక్కడ పని జరగకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, దాని పైన ఆ ఫిర్యాదులు వినే అధికారి, విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు.

ఈ నిబంధనను ప్రతి సెక్షన్ ఆఫీసు గోడ మీద, డబ్బు కట్టే కౌంటరు దగ్గర కనపడేలా రాసి పెట్టాలని విద్యుత్ శాఖను కోరుతున్నాను. తమిళంతో పాటు తెలుగు వాళ్ళు ఎక్కువగా ఉండే పేటల్లో తెలుగులోనూ పెడితే, తరాలుగా ఇక్కడే ఉన్నా తమిళం చదవడం రాని పెద్దవాళ్ళకు మేలు జరుగుతుంది. మీ పత్రిక కూడా చెన్నై పేజీలో ఆ నిబంధనను, ఫిర్యాదు ఎలా రాయాలో ఒక నమూనాతో సహా, వచ్చే విడత రీడింగులు మొదలయ్యేలోపు అచ్చు వేయాలని మనవి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పెరంబూరు, చెన్నై