బురదలో పురుగుల లెక్క ఎందుకంటే

విశాఖపట్నం

అమ్మడూ,

“సముద్రం వేడెక్కుతోందని ఉపగ్రహాలు చెబుతూనే ఉన్నాయి కదమ్మా, ఇంకా నువ్వు బురద తోడి పురుగుల్ని లెక్కపెట్టడం దేనికి?” అని అడిగావు. ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పలేక ఉత్తరం రాస్తున్నా.

ఉపగ్రహానికి అందేది నీటి పైపొరే. చేపకి ఊపిరాడకపోతే ఇంకో చోటికి పోతుంది. బొరియలో ఉండే పురుగు ఎక్కడికీ పోలేదు. పైన ఏ మార్పు వచ్చినా అక్కడే ఉండి తట్టుకోవాలి, లేదంటే చావాలి. అందుకే నాకు వాటి సాక్ష్యం మీద అంత గురి.

మన బంగాళాఖాతంలో సుమారు 150 మీటర్ల నుంచి 600 మీటర్ల లోతు దాకా ఆక్సిజన్ దాదాపు ఉండదు. ఇది ఎప్పటినుంచో ఉన్నదే. గంగ, బ్రహ్మపుత్ర, మన గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీళ్లు తేలిక కాబట్టి ఉప్పునీటి మీద పరుచుకుంటాయి. పైనున్న ఆక్సిజన్ కిందకి దిగదు. పైనుంచి రాలిపడే ప్లాంక్టన్‌ను, అంటే నీటిలో తేలియాడే సూక్ష్మజీవులను కుళ్లబెట్టే బ్యాక్టీరియా కింద ఉన్న కాస్తా వాడేస్తాయి. తీరం నుంచి లోతుకి జారే వాలు మీద, ఆ పొర సముద్రపు అడుగుకి తగిలే చోటే నా పని.

బురద తోడే ఇనుప దోసిలి లాంటి గ్రాబ్ పైకి రాగానే నేను ముందు వాసన చూస్తాను. కుళ్లిన గుడ్డు వాసన కొట్టిందంటే ఆ బురదలో ఆక్సిజన్ అయిపోయినట్టే. తర్వాత అర మిల్లీమీటరు జల్లెడలో పోసి నెమ్మదిగా కడుగుతాం. నీళ్లు జోరుగా వదిలితే పురుగులు తెగిపోతాయి. మిగిలినదాన్ని కుళ్లకుండా ఫార్మలిన్ మందులో ఉంచి రోజ్ బెంగాల్ రంగు కలిపితే, పట్టేనాటికి బతికున్నవి గులాబీ రంగు తేలతాయి. కంటికి వెంట్రుక ముక్కలా ఉన్నది మైక్రోస్కోప్ కింద పెడితే రెండు పొడుగాటి మీసాలు, వాటి వెనక పాయలు పాయలుగా విచ్చుకున్న మొప్పలు! ఆక్సిజన్ తగ్గిన చోట రకాలు పోయి, ఇలా తట్టుకోగలిగినవి కొన్నే మిగులుతాయి. ఫోరామినిఫెరా అనే ఏకకణ జీవులైతే మరీ వింత. వాటిలో కొన్ని నైట్రేట్ అనే నైట్రోజన్ లవణాన్ని ఒంట్లో దాచుకుని, ఆక్సిజన్ బదులు దాంతో శ్వాసిస్తాయని 2006లో బయటపడింది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇక నా టెన్షన్ ఏంటో చెప్తా. 1960 నుంచి 2010 లోపే ప్రపంచ సముద్రాలు తమ ఆక్సిజన్‌లో 2 శాతానికి పైగా పోగొట్టుకున్నాయి. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది, వేడెక్కిన పైపొర కింది నీళ్లతో సరిగా కలవదు కూడా. 2 శాతమేగా అనుకోకు, అది సగటు. బంగాళాఖాతం నడిపొరలో మిగిలిందే లీటరుకి నానోమోల్స్‌లో, అంటే మోల్‌లో వందకోట్లో వంతుల్లో కొలవాల్సినంత జాడ. నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చే బ్యాక్టీరియాను అదుపులో పెడుతున్నది ఆ జాడేనని 2017లో తేలింది. అరేబియా సముద్రంలో ఆ మార్పు ఇప్పటికే జోరుగా సాగుతోంది. మన పొలాల ఎరువు నదుల్లో కొట్టుకొచ్చి ప్లాంక్టన్ పెరిగితే, అది కుళ్లేటప్పుడు ఆ జాడ కూడా పోవచ్చు. అడుగున ఇంకో నష్టం ఉంది. బొరియల్లోకి నీళ్లు ఆడించి బురదకి ఆక్సిజన్ అందించేది పురుగులే. అవి పోతే బురద నల్లబడి విషమవుతుంది.

ఇవన్నీ ఒక్కసారి చూస్తే తెలియవు. కాలిఫోర్నియా తీరానికి దూరంగా, 4,000 మీటర్ల లోతులో స్టేషన్ ఎం అనే చోటుంది. 1989 నుంచి అక్కడికే మళ్లీ మళ్లీ వెళ్తున్నారు. పైనుంచి రాలే తిండి కొన్నేళ్లు చాలక, కొన్నిసార్లు ఒక్కసారిగా కుప్పలుగా పడటం, దాంతో అడుగున జీవుల సంఖ్య మారిపోవడం అలా వెళ్లబట్టే తెలిసింది. మన వాలు మీదా అలాంటి చోటు ఒకటి ఉండి తీరాలి. ఎవరు కొత్త చోటికి పోదామన్నా, పాత చోటికే పోదామని నేను పట్టుబట్టేది అందుకే.

వచ్చే క్రూయిజ్, అంటే పరిశోధన ఓడ ప్రయాణం, చలికాలంలో. ఇంకా ఏమైనా అడగాలనుంటే ఈలోపే రాయి, ఓడెక్కాక జవాబివ్వడం కష్టం.

ప్రేమతో,
అమ్మ