వాళ్ళకు చెప్పినదాన్ని నేనే

విశాఖపట్నం,
ఫిబ్రవరి, 2025.

అమ్మడూ,

ఉత్తరం చూసి కంగారుపడకు. అందరం బాగున్నాం. మీ నాన్న మోకాలి నొప్పి ఎప్పటిలాగే ఉంది. బీచ్ రోడ్డులో నడక మానేసి, బెంచీ మీద కూర్చుని నడిచేవాళ్ళకు సలహాలిస్తున్నారు. ఫోనులో చెప్పవచ్చు కదా అంటావు. ఫోనులో నేను రెండో మాట ఎత్తేలోపే నీకు మీటింగు వస్తుంది.

కనుమ నాడు మేడమీద గారెలు తింటూ మీ పిన్ని అడిగింది కదా, పెళ్ళై ఆరేళ్ళయింది, ఇంకెప్పుడే అని. నువ్వు నెమ్మదిగానే జవాబిచ్చావు. భూమి మీద ఇప్పటికే 800 కోట్లు దాటారని, నిరుడు వేసవిలో బెంగళూరులో నీళ్ళ ట్యాంకరు కోసం మీ అపార్ట్‌మెంటువాళ్ళు పోట్లాడుకున్నారని, ఇంకొకరిని ఈ ఇరుకులోకి తేవడం అన్యాయమని అన్నావు. పిన్ని నోరు మూతపడింది. నిజం చెప్తున్నాను, నాకు సంతోషమే వేసింది. ఆ తరవాత అన్నావు చూడు, "మేమంటే ఆలోచిస్తున్నాం. మా పనమ్మాయికి నలుగురు. వాళ్ళకు ఎవరైనా చెప్పాలి కదా" అని. అక్కడ నా గారె గొంతులో ఆగింది.

వాళ్ళకు చెప్పినదాన్ని నేనేనమ్మా. 1981 నుంచి రిటైరయ్యేవరకు 38 ఏళ్ళు భీమిలి వైపు పల్లెల్లో ఏఎన్ఎంగా తిరిగి చెప్పాను. నీకు తెలిసిన అమ్మ తెల్లచీర కట్టుకుని పోలియో చుక్కలు వేసే మనిషి. నా చేతిసంచిలో అర్హులైన దంపతుల రిజిస్టరు అని ఒకటి ఉండేది. ఏ ఇంట్లో ఎవరికి పెళ్ళయింది, ఎందరు పిల్లలు, ఆఖరి బిడ్డకు ఎన్ని నెలలు, లూప్ వేయించుకుందా, ఆపరేషన్ అయిందా, అన్నీ గళ్ళలో రాసి ఉండేవి. ఊళ్ళోవాళ్ళు తమ ఇంటి గుట్టు నాకు చెప్పేవారు. నేను దాన్ని గళ్ళలో నింపి పైకి పంపేదాన్ని.

ఈ పని మన ఇంటికి నాతో రాలేదు. 1976లో నాకు పదిహేడేళ్ళు. అనకాపల్లి దగ్గర మీ తాతయ్య బడిపంతులు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు మనుషుల్ని, అంటే 'కేసులు', తెస్తేనే ఇంక్రిమెంటు అని ఎవరో పెద్దలు నోటిమాటగా చెప్పారు. పగలు ఎక్కాలు చెప్పే మనిషి సాయంత్రాలు గడపగడపకూ తిరిగి మగవాళ్ళను బతిమాలేవారు. ఇద్దరు దొరికారు. ఒకాయనకు అరవై దాటాయి, భార్య పోయి చాలాకాలమైంది. ఆ సంగతి తాతయ్యకూ తెలుసు, పేరు రాసుకున్నవాళ్ళకూ తెలుసు. కాగితం మీద మాత్రం రెండు కేసులు. ఎమర్జెన్సీలో ఆ ఒక్క ఆర్థిక సంవత్సరంలో దేశం మొత్తం మీద 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు. 1974లో బుకారెస్టులో జరిగిన ప్రపంచ జనాభా సభలో మన ఆరోగ్యమంత్రి కరణ్ సింగ్, అభివృద్ధిని మించిన గర్భనిరోధకం లేదని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నారు. రెండేళ్ళు తిరగకుండానే, రాష్ట్రాలు కావాలంటే నిర్బంధ ఆపరేషన్లకు చట్టం చేసుకోవచ్చన్న జనాభా విధానాన్ని ఆయనే ప్రకటించారు. మంచి మాట తెలిసినవాళ్ళు కూడా గళ్ళు నింపే పనిలో పడితే ఎలా మారిపోతారో చెప్పడానికి ఇది రాస్తున్నాను. ఆయన సంగతి వదిలెయ్, నా సంగతే చెప్తాను.

1977 ఎన్నికల్లో ఉత్తరాదిలో ఆ ప్రభుత్వం తుడిచిపెట్టుకుపోయింది. మన దగ్గర 42 స్థానాల్లో 41 మళ్ళీ ఆ పార్టీకే ఇచ్చాం, అది వేరే కథ. ఆ దెబ్బ తరవాత ఏ ప్రభుత్వమూ మగవాళ్ళ జోలికి వెళ్ళే ధైర్యం చేయలేదు. బరువంతా ఆడవాళ్ళ మీదికి వచ్చింది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడు. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయి పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం ట్యూబెక్టమీ చేయించుకున్నవాళ్ళే. వేసెక్టమీ వంతు ఒక్క శాతం కూడా లేదు. మగవాళ్ళకు చేసేది చిన్న కోత, కడుపు తెరవక్కరలేదు, గంటలో ఇంటికి నడిచి వెళ్ళిపోవచ్చు. ఈ మాట వందల ఇళ్ళలో చెప్పాను, మన ఇంట్లోనూ చెప్పాను. మీ నాన్న పేపరు దించకుండా, "ఆఫీసులో తెలిస్తే ఏమనుకుంటారు" అన్నారు. అందుకని నువ్వు పుట్టిన నాలుగో రోజున నేనే చేయించుకున్నాను. ఆ నెల నా టార్గెట్‌లో ఒకటి తక్కువ పడింది, నా పేరే రాసుకున్నాను. సజీవంగా ఉన్న పిల్లలు: ఇద్దరు. ఆ గడిలో ఉన్న రెండో అంకెవి నువ్వు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇది ఇంతవరకు మీ నాన్నకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

1987 మార్చి. మార్చి అంటే ఆర్థిక సంవత్సరం ఆఖరు, మాకు పీడకల. టార్గెట్ నిండకపోతే సమీక్షలో అందరిముందూ నిలబెట్టి అడిగేవారు. నాకింకా నాలుగు కేసులు కావాలి. సముద్రం ఒడ్డున ఒక జాలరి ఊళ్ళో ఇరవై మూడేళ్ళ అమ్మాయి, ఇద్దరు పిల్లలు. కొడుక్కి మూడేళ్ళు, కూతురు చంకలో ఉంది. "నర్సమ్మగారూ, బాబు బలహీనంగా ఉన్నాడు, ఒక్క ఏడాది ఆగనివ్వండి" అంది. తప్పేమీ అడగలేదు. నేను ఏమన్నానో తెలుసా? ఈసారి క్యాంపుకు పెద్ద డాక్టరుగారు వస్తున్నారు, మళ్ళీ ఇలాంటి అవకాశం రాదు, డబ్బు కూడా చేతికొస్తుంది, బాబుకు పాలు కొనవచ్చు అన్నాను. బాబు పేరు చెప్పి ఒప్పించాను. చేయి పట్టుకుని జీపు ఎక్కించలేదు, బెదిరించలేదు. తన భయం ఏమిటో తను నమ్మి చెబితే దాన్నే పట్టుకుని ఒప్పించాను.

క్యాంపు ఒక బడి వరండాలో జరిగింది. డీపీఎల్ అనేవాళ్ళం, పొట్టకు రెండు చిన్న రంధ్రాలు పెట్టి ట్యూబులకు ఉంగరాలు వేసే పద్ధతి. ఒక్కొక్కరికి కొన్ని నిమిషాలు. తరవాత నేల మీద జంపఖానాల మీద వరసగా పడుకోబెట్టేవారు. 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో ఒకే శిబిరంలో 83 మందికి కొద్ది గంటల్లో ఆపరేషన్లు చేస్తే పదిమందికి పైగా చనిపోయారని పేపర్లో చదివినప్పుడు, ఆ జంపఖానాలే కళ్ళ ముందు కదిలాయి. మా దగ్గర ఎవరూ పోలేదు. అందులో మా గొప్ప ఏమీ లేదు. 2016లో సుప్రీంకోర్టు మూడేళ్ళలో ఈ శిబిరాలు ఆపేయమంది.

మరుసటి ఏడాది వానాకాలంలో ఆ బాబు విరేచనాలతో పోయాడు. ఓఆర్ఎస్ పొట్లాలు నా దగ్గరే ఉన్నాయి. నేను వెళ్ళేసరికి ఆలస్యమైంది. నెల తిరిగాక ఆమె సబ్ సెంటరుకు వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది. "వేసిన ముడి మళ్ళీ విప్పుతారా?" అని అడిగింది. తిరిగి కలిపే ఆపరేషన్ ఉంది, పెద్దాసుపత్రికి వెళ్ళాలి, ఫలితం వస్తుందని ఎవరూ మాట ఇవ్వరు అన్నాను. వెళ్ళింది. ఫలితం రాలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్నేమో.

ఇది చదివి అమ్మ చేసిందంతా పాపమని రాసిపెట్టుకోకు. అదే రిజిస్టరులో ఇంకొకామె ఉంది. ఐదు కాన్పులు, ఒంట్లో రక్తం లేదు, పొద్దుటే లేస్తే కళ్ళు తిరుగుతాయి. అత్తగారికి తెలియకుండా పుట్టింటికి వెళ్తున్నానని చెప్పి నాతో వచ్చింది. ఆ ఆపరేషన్ జరక్కపోతే ఆరో కాన్పులో పోయేదే. ఆమె మనవరాలు ఇప్పుడు గాజువాకలో నర్సింగు చదువుతోంది. ఇద్దరికీ చేసినది అదే ఆపరేషన్, అవే ఉంగరాలు, లెక్కలో చెరొకటి. ఆ లెక్క చూసి వీళ్ళలో ఎవరు ఎవరో చెప్పు చూద్దాం.

నువ్వు పంపిన వ్యాసం అద్దాలు పెట్టుకుని మొత్తం చదివాను. పాల్ ఎర్లిక్ అనే అమెరికా ప్రొఫెసరు 1968లో ఒక పుస్తకం రాసి, 1970లలో కోట్లమంది ఆకలితో చచ్చిపోతారన్నాడట. ఢిల్లీలో ఒక రాత్రి టాక్సీలో పోతుంటే రోడ్డు నిండా జనం, జనం, జనం కనిపించి భయమేసిందట. ఆ రోజుల్లో పారిస్ మహానగరంలో ఢిల్లీ కంటే ఎక్కువమంది ఉండేవారు. పారిస్‌లో ఆయనకు ఆ భయం ఎందుకు వేయలేదంటావు? ఆ కోట్ల చావులూ రాలేదు, పంటలు పెరిగాయి. 1980లో జూలియన్ సైమన్ అనే ఆర్థికవేత్తతో ఐదు లోహాల ధరల మీద పందెం కాసి, పదేళ్ళకు ఓడిపోయి చెక్కు పంపాడు. అలాగని భూమికి ఏమీ కాదని నేను అనను. వేడి నాకూ తెలుస్తోంది. కానీ ఆ వేడిని లెక్కకట్టేటప్పుడు తలలు మాత్రమే లెక్కపెడితే ఎలా? మన దేశంలో మనిషికి ఏడాదికి సుమారు 2 టన్నుల కార్బన్ డయాక్సైడు, అమెరికాలో దాదాపు 14. ఆరిలోవ కొండవాలు ఇళ్ళలో ఐదుగురున్న సంసారం రోజుకు ఎన్ని బిందెలు మెట్లెక్కి మోసుకుంటుందో నేను చూశాను. మీ ఇంట్లో ఇద్దరికి రెండు బాత్‌రూములు. మీ పనమ్మాయి నలుగురు పిల్లలు కలిసి కూడా మీ కారంత పొగ వదలరు. ఎత్తిపొడుపు అనుకుంటే అనుకో. నేను కూడా ఏసీ వేసుకునే ఇది రాస్తున్నాను.

మన ఊరు కూడా కిక్కిరిసిపోయిందన్నావు. 1951లో విశాఖలో లక్ష పైచిలుకు జనం, 2011లో 17 లక్షలు. హద్దులు పెరిగాయనుకో. అయినా వీళ్ళంతా ఇక్కడి తల్లులు కనేస్తే వచ్చినవాళ్ళా? శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి పనికోసం వచ్చారు. ఉక్కు కర్మాగారానికి భూములిచ్చి పల్లెలే ఖాళీ చేసినవాళ్ళు ఇదే ఊళ్ళో కలిసిపోయారు.

కాన్పులు తగ్గాయి, అది నిజం. నేను ఉద్యోగంలో చేరేనాటికి మన రాష్ట్రంలో ఒక్కొక్క స్త్రీకి సగటున నలుగురు పుట్టేవారు, నేను పైన చెప్పిన 2019-21 సర్వేనాటికి 1.7. మా క్యాంపుల వల్లే తగ్గాయని అంటే మా డిపార్ట్‌మెంటువాళ్ళు సంతోషిస్తారు. కొంత మా వల్లే. అసలు కారణం పిల్లలు బతకడం మొదలుపెట్టారు. దేశంలో 1971లో వెయ్యిమంది పుడితే 129 మంది ఏడాది నిండకుండానే పోయేవారు, 2020 నాటికి అది 28కి వచ్చింది. పుట్టినవాడు దక్కుతాడన్న నమ్మకం ఉన్న తల్లి దగ్గరికి నేను వెళ్ళనక్కరలేదు, ఆమే నన్ను వెతుక్కుంటూ వచ్చేది. ఆ జాలరి అమ్మాయి ఏడాది ఆగమన్నది ఈ లెక్కే. నాకంటే ఆమెకే బాగా తెలుసు.

ఇంకొక చోద్యం. ఇద్దరికి మించి కంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదని 1994లో మన రాష్ట్రం చట్టం చేసింది. మూడో బిడ్డను అక్క పేరున రాయించుకున్నవాళ్ళను నేనెరుగుదును. నా రిజిస్టరులోనే దిద్దమని వచ్చి కూర్చున్నారు. ఆ పిల్లవాడు ఇంట్లో అమ్మను అమ్మా అంటాడు, కాగితం మీద పిన్ని. నిరుడు అక్టోబరులో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుగారు ఎక్కువమందిని కనమన్నారు, నవంబరులో శాసనసభ ఆ నిబంధనే ఎత్తేసింది. ముసలివాళ్ళు ఎక్కువైపోతారట, జనాభాను బట్టి సీట్లు పంచితే పార్లమెంటులో మనవి తగ్గిపోతాయట. సీట్ల భయం ఉత్తది కాదు, 1971 జనాభా లెక్కల మీదే ఇన్నాళ్ళూ వాటిని ఆపి ఉంచారు. కానీ నాకు నవ్వొచ్చింది. చైనాలోనూ ఇదే వరస: ముప్పై అయిదేళ్ళు ఒక్కరే అన్నారు, 2021కి ముగ్గురు అన్నారు. నా తరవాత చేరిన ఆశా అమ్మాయిలతో రేపు మూడో బిడ్డను కనమని చెప్పించి దానికీ ఒక గడి గీస్తారేమో. ఆ గడిలో నీ పేరు కూడా ఉంటుంది, చూసుకో.

నీకు పిల్లలు వద్దనుకుంటే వద్దు. నేను అడగను, పిన్నిని అడగనివ్వను. అలసటగా ఉందను, భయంగా ఉందను, ఇష్టం లేదను, అల్లుడుగారూ నువ్వూ ఇలాగే హాయిగా ఉన్నామను. ఏ కారణమూ చెప్పకపోయినా సరే. భూమి కోసమే అయితే అదీ నీ ఇష్టమే, నీ ఒక్కదాని మట్టుకు. మీ పనమ్మాయి పిల్లల్ని మాత్రం ఆ లెక్కలోకి లాగకు. ఆమెకు ఎవరైనా చెప్పాలనిపిస్తే ముందు ఆమెకేం కావాలో అడుగు. ఆ నలుగురిలో ఎవరికైనా జ్వరమొస్తే సెలవు ఇస్తున్నావా, జీతం కోస్తున్నావా? అది రాయి నాకు.

మొన్న ఆదివారం హార్బరుకు వెళ్ళాను. ఆ జాలరి ఆమె ఇప్పటికీ అక్కడే గంప పెడుతుంది, జుట్టంతా తెల్లబడింది. ఇన్నేళ్ళుగా నాకు తూకం మీద ఒక చేప ఎక్కువే వేస్తుంది, వద్దన్నా వినదు. వంజరం ముక్కలు కోస్తూ, "మీ అమ్మాయికి పిల్లలెందరు నర్సమ్మగారూ?" అని అడిగింది. లేరన్నాను. వద్దనుకుంటున్నారట అన్నాను. కత్తి ఆపి నా మొహంలోకి చూసింది.

"తనే వద్దనుకుందా, ఎవరైనా వద్దన్నారా?"

"తనే."

"అయితే సరేలెండి" అని మళ్ళీ కోయడం మొదలుపెట్టింది.

ఎండు నెత్తళ్ళు, కందిపొడి పార్సిలు చేశాను. నెత్తళ్ళ డబ్బా విప్పేముందు కిటికీలు తెరుచుకో, పోయినసారి మీ పక్కింటివాళ్ళు గొడవపడ్డారన్నావు.

అమ్మ