బిలస్వర్గం గవులు, బేతంచెర్ల చరిత్ర: సభ్యులకు వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారాలు.

గత సర్వసభ్య సమావేశంలో మీరు కార్యవర్గానికి అప్పగించిన పని ఒక్కటే. బేతంచెర్ల దగ్గరి బిలస్వర్గం గుహల గురించి మన ఊళ్లో నోటి మాటగా తిరుగుతున్న కథలను అచ్చులో ఉన్న ఆధారాలతో సరిచూసి, నలుగురూ చదువుకోగలిగే తెలుగులో ఊరి చరిత్రను రాసిపెట్టమన్నారు. ఏడాది తిరిగేసరికి అందులో సగానికి పైగా పూర్తయింది. మిగిలిన సగం ఎందుకు ఆగిందో కూడా దాచకుండా తెలియజేస్తున్నాం.

పాత రచనల పఠనం అనుకున్నదాని కంటే ఫలప్రదంగా సాగింది. మద్రాసు సైన్యంలో కెప్టెనుగా ఉన్న న్యూబోల్డ్ 1844లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ఈ గుహల్లోని ఎముకలను గురించి చిన్న వ్యాసం ప్రకటించారు. ఆ తరువాత దాదాపు నలభై ఏళ్లు ఎవరూ ఇటువైపు దృష్టి పెట్టలేదు. ఇంగ్లండులోని శాస్త్రవేత్త థామస్ హక్స్లీ ప్రోద్బలంతో, అప్పటి మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్ చొరవ తీసుకోగా, భూగర్భ సర్వే శాఖకు చెందిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1883లో ఇక్కడికి వచ్చారు. అంతకు ఇరవై ఏళ్ల ముందు, 1863లో, మద్రాసు దగ్గరి పల్లావరంలో రాతి గొడ్డలిని గుర్తించి దక్షిణ భారత పూర్వచరిత్ర పరిశోధనకు నాంది పలికినది ఈయనే. తవ్వకాలను ఆయన కుమారుడు, ఫిరంగి దళంలో లెఫ్టినెంటు అయిన హెన్రీ బ్రూస్ ఫుట్ 1885 దాకా కొనసాగించారు. దొరికిన ఎముకలను పురాజీవ శాస్త్రవేత్త లిడెక్కర్ పరిశీలించి 1886లో వివరించారు. అందులో ఒక ఖడ్గమృగానికి ఆయన రైనోసరస్ కర్నూలియెన్సిస్ అని పేరు పెట్టారు. బండలకు, రైళ్లకు తప్ప మన ప్రాంతం పేరు మరెక్కడా వినపడదనుకునే మన పిల్లలకు ఈ ఒక్క మాట మేము చెప్పిన మిగతా అన్నిటికంటే ఎక్కువగా నచ్చింది.

ఫుట్‌ల కాలం నుంచి గుహలకు వాడుకలో ఉన్న ఇంగ్లీషు పేర్లు చర్చి వాసన కొట్టేవి: కెథీడ్రల్, చాప్టర్ హౌస్, పర్గేటరీ, చార్నెల్ హౌస్. చార్నెల్ హౌస్ అంటే మనుషుల అస్థికలు పోగుచేసి ఉంచే కొట్టు. వీటికి మనవాళ్లు పిలుచుకునే పేర్లు సేకరించాలన్నది ఈ ఏడాది సంకల్పం. మన పని ఆగిపోయింది కూడా ఇక్కడే. కనుమకింది కొట్టాల అనే పల్లె వైపు గొర్రెలు మేపే పెద్దలు ఒక గవికి, అంటే గుహకు, ఒక పేరు చెబితే, గనుల్లో పనిచేసినవారు అదే గవికి మరో పేరు చెప్పారు. ఇద్దరినీ కలిపి తీసుకువెళ్లిన రోజున మూడో పేరు పుట్టింది. అందరూ ఒప్పుకునేదాకా ఏ పేరునూ అచ్చు వేయరాదని కార్యవర్గం తీర్మానించింది. అసలు ‘బిలస్వర్గం’ అన్న మాటలో ఉన్నది స్వర్గమా, సురంగమా అన్న వాదం మన సభ్యుల మధ్య రెండు సమావేశాలను తినేసింది. ఇంగ్లీషువారు ‘బిల్ల సుర్గం’ అని రాసుకున్నారు గనుక సురంగం పక్షాన కొంత బలం ఉందని ఈ నివేదిక రాస్తున్నవారి సొంత అభిప్రాయం. దానిని సంఘం అభిప్రాయంగా తీసుకోవద్దని మనవి.

గుహలు ఏర్పడిన తీరును వివరించేందుకు పాఠశాల విద్యార్థులను ముందుగా గుహకు కాక నాపరాళ్ల గనికి తీసుకువెళ్లాం. అక్కడ ఒక పెద్దాయన బండ మీద సుత్తితో మెల్లగా కొట్టి, చెవి ఒగ్గి, ఖంగుమన్న చోట ఉలి ఆనించి, పొర పొరంతా చీరమడత విప్పినట్టు పైకి లేపి చూపించారు. ఆ సున్నపురాతి పొరల సందుల్లోనే వాన నీరు దిగుతుందనీ, గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని స్వల్పంగా ఆమ్లగుణం పొందిన ఆ నీరు లక్షల ఏళ్లపాటు రాయిని కరిగిస్తూ పోతే గుహ అవుతుందనీ అక్కడే చెప్పాం. పైకప్పు కూలిన చోట లోయలు తెరుచుకుంటాయి. కూలకుండా మిగిలిన భాగం తోరణంలా నిలుస్తుంది. బిలస్వర్గంలో ఈ రెండూ ఎదురెదురుగా కనిపిస్తాయి. ఊరికి కూడు పెడుతున్న రాయీ, గుహను తొలిచిపెట్టిన రాయీ ఒకే జాతివని పిల్లలకు వేరుగా చెప్పవలసిన అవసరం రాలేదు.

ఈ ఏడాది కార్యవర్గం ప్రధానంగా పట్టుబట్టిన విషయానికి వస్తున్నాం. మన గుహలను గురించి మాట్లాడేవారంతా గోడలను, తోరణాలను, దీపాలను గురించే మాట్లాడుతున్నారు. బెలుం గుహల్లా తీర్చిదిద్దాలనే కోరిక సహజమే. అక్కడ 3,229 మీటర్ల గుహ ఉంది. 2002లో ప్రజలకు తెరిచాక సందర్శకులకు లోటు లేదు. కానీ బిలస్వర్గం విలువ నేల మీద పేరుకున్న మట్టిలో ఉంది. ఆ మట్టిని పొరలు పొరలుగా మళ్లీ తవ్వి, కాలనిర్ణయం చేసిన భారతీయ, విదేశీ పరిశోధకులు 2014లో ఫలితాలను ప్రకటించారు. అక్కడ గుర్తించిన 21 రకాల క్షీరదాలలో 20 రకాలు కనీసం లక్ష సంవత్సరాలుగా ఈ ఉపఖండంలో కొనసాగుతూ వచ్చాయని వారు తేల్చారు. ఇతర ఖండాలలో పెద్ద జంతువులు కుప్పలుగా అంతరించిన కాలంలో ఇక్కడివి నిలదొక్కుకున్నాయన్న మాట. మన ప్రాంతంలోనే ఉన్న ముచ్చట్ల చింతమాను గవిలో పురావస్తు పరిశోధకుడు ఎం.ఎల్.కె. మూర్తి తవ్వకాలలో దొరికిన పనిముట్లలో అత్యధిక భాగం ఎముకతో చేసినవి. అక్కడి పొయ్యి సుమారు 17 వేల ఏళ్ల నాటిదని లెక్కకట్టారు. ఈ కాలనిర్ణయాలన్నీ ఏ వస్తువు ఏ పొరలో ఉందో చెదరకుండా ఉన్నందువల్లే సాధ్యమయ్యాయి. ఒక్క గడ్డపార పోటుతో ఆ వరుస తారుమారవుతుంది.

కార్తీకమాసంలో శుభ్రత కోసం వెళ్లిన సభ్యులకు ఒక గవి మూలన తాజాగా తవ్విన మోకాటి లోతు గుంత, దాని పక్కన నిమ్మకాయలు, పసుపు కుంకుమలు కనిపించాయి. గుప్తనిధుల ఆశ ఎంత దూరం పోతుందో మన ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. గుంత పక్కన పారబోసిన ఎర్రమట్టిలో వేలెడంత ఎముక ముక్క, రాయిలా బరువెక్కినది, కనిపించింది. సభ్యులు దానిని తాకకుండా, పక్కన స్కేలు ఉంచి ఫొటో తీసి, సంబంధిత కార్యాలయానికి అర్జీ ఇచ్చారు. మూడు నెలల తరువాత మరోసారి ఇవ్వవలసి వచ్చింది. ఈ నివేదిక రాసే నాటికి జవాబు అందలేదు.

మన వైపు జరిగిన పొరపాటూ ఒకటి ఉంది. ఖాళీ సంచులు, సీసాలు ఏరిన మొదటి రోజున, ఉత్సాహం కొద్దీ కొందరు నేలను చీపుర్లతో ఊడ్చి, పైమట్టిని తట్టలకెత్తి బయట పోశారు. మట్టిని కదిలించవద్దని ముందుగా చెప్పకపోవడం కార్యవర్గం లోపమే. ఇకపై చెత్తను చేతితో ఏరడమే తప్ప చీపురు, పార లోపలికి తీసుకుపోరాదని తీర్మానం చేశాం. అలాగే మనం మొదట రాయించిన బోర్డులో గుహల వయసును, ఎముకల వయసును ఒకటిగా చూపించాం; ఒక సభ్యురాలు ఎత్తిచూపగా దానిని దించి, సరిచేసి మళ్లీ రాయించాం. రంగుల ఖర్చు రెండింతలైంది.

నడకలు, ఉపన్యాసాలు యథావిధిగా జరిగాయి. ఆడిటరు పరిశీలించిన జమాఖర్చుల పట్టిక ఈ నివేదికతో పాటు విడిగా పంపుతున్నాం. 2022 ఏప్రిల్‌లో మన మండలం నంద్యాల జిల్లాలోకి వచ్చినా, పాత కాగితాలన్నీ కర్నూలు పేరుతోనే ఉన్నాయి గనుక రెండు జిల్లా కేంద్రాల్లోనూ వెతకడానికి వచ్చే ఏడాది ప్రయాణ ఖర్చులు పెంచవలసి ఉంటుంది. గవుల పేర్ల జాబితాను మరోసారి కొట్టాల పెద్దల ముందు చదివి వినిపించడానికి వర్షాలు తగ్గాక ఒక ఆదివారం నిర్ణయిస్తాం. గొర్రెలు ఇంటికి చేరే వేళకు రాగలిగిన సభ్యులు ముందుగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాం.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి